కాటా ఎక్కేదే రీసైకిల్ అవుతుంది: పాత సామాన్ల వ్యాపారం అసలు లెక్క

పాడైపోయిన సీలింగ్ ఫ్యాను ఒకటి పాత సామాన్ల షాపుకి వచ్చిందనుకుందాం. షాపతను దాన్ని నేరుగా కాటా మీద పెట్టడు. ముందు జేబులోంచి అయస్కాంతం తీసి రెక్కలకు ఆనిస్తాడు. అంటుకుంటే ఇనప రేకు, అంటుకోకపోతే అల్యూమినియం. తర్వాత మోటారు డబ్బా విప్పి, లోపలున్న తీగచుట్టను చాకు మొనతో గీకుతాడు. గీకిన చోట కూడా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా బయటపడితే అల్యూమినియం తీగకే పైన ఎర్రటి పూత వేశారని అర్థం. రాగి ధర అల్యూమినియానికి మూడు నాలుగు రెట్లు, ఇనుముతో పోలిస్తే ఇరవై రెట్ల పైమాటే. అందుకే ఫ్యాను ఎంత బరువుందన్న దానికన్నా ఆ చిన్న గీత ఏ రంగులో తేలిందన్నదే బేరాన్ని తేలుస్తుంది.

ఆ తర్వాత సుత్తి, ఉలి రంగంలోకి దిగుతాయి. కాసేపట్లో ఫ్యాను కాస్తా కుప్పలు కుప్పలైపోతుంది. రాగి ఒక డబ్బాలోకి, అల్యూమినియం మూత ఒక సంచిలోకి, చుట్ట లోపలి ఉక్కు పలకలు మరోచోటికి, రాడ్డూ నట్లూ బోల్టులూ ఇనుములోకి పోతాయి. కెపాసిటర్, ప్లాస్టిక్ కప్పు, రబ్బరు బుష్షు మాత్రం ఓ మూలకు పడతాయి. వాటిని కొనేవాడు లేడు.

ఈ పని జరిగినంతసేపూ పర్యావరణం అన్న మాట ఎవరి నోటా రాదు. అయినా జరిగేది పర్యావరణానికి మేలే. బాక్సైట్ తవ్వి కొత్త అల్యూమినియం తీయడానికి ఖర్చయ్యే శక్తిలో దాదాపు 5 శాతం ఉంటే చాలు, పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. మన దేశంలో రీసైక్లింగ్ ఎలా నడుస్తోందో అర్థం కావాలంటే ఈ రెండింటినీ కలిపి చూడాలి. మేలు నిజంగానే జరుగుతోంది, కానీ ధర ఎంతవరకు గిట్టితే అంతవరకే జరుగుతోంది. గిట్టుబాటు ఎక్కడ ఆగుతుందో అక్కడ చెత్తకుప్ప మొదలవుతుంది.

వీధి నుంచి మిల్లు దాకా

‘పాత ఇనప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు, పాడైపోయిన ఫ్రిజ్‌లు, టీవీలు, కూలర్లు కొంటాం’ అని ఆటో ట్రాలీకి కట్టిన మైకులో రికార్డు చేసిన గొంతు తిరగని కాలనీ తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ఉండదు. పల్లెల్లో డబ్బుకు బదులు ఉల్లిపాయలు ఇచ్చే పద్ధతి ఇంకా పూర్తిగా పోలేదు. ఈ ట్రాలీ, తోపుడు బండి, గోనెసంచి భుజాన వేసుకుని చిత్తు కాగితాలు ఏరేవాళ్లు, వీళ్లంతా మొదటి మెట్టు. వాళ్ల దగ్గర కొనేది వీధి చివరి చిన్న షాపు. చిన్న షాపులో అన్నీ కలగాపులగంగా ఉంటాయి. ఆ పై గోడౌనుకి వెళ్లేసరికి ఎవరి సరుకు వాళ్లదే. ఒకరు అట్టలు మాత్రమే కొంటారు, ఒకరు పెట్ (నీళ్ల బాటిల్ ప్లాస్టిక్) బాటిళ్లే, ఇంకొకరు రాగీ ఇత్తడీ తప్ప ముట్టుకోరు. హైదరాబాద్‌లో భోలక్‌పూర్, కాటేదాన్ లాంటి చోట్ల ఈ గోడౌన్లు, ప్లాస్టిక్ తురిమే యూనిట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీలు విప్పేవాళ్లకి ఒక లోకమే ఉంది.

సరుకు కింది నుంచి పైకి ప్రయాణిస్తే డబ్బు పై నుంచి కిందికి దిగుతుంది. ఈ సంగతిని బయటివాళ్లు అంతగా పట్టించుకోరు. తోపుడు బండి మనిషికి పొద్దున్నే ఇళ్లల్లో ఇవ్వడానికి చేతిలో చిల్లర కావాలి. అది షాపతను ఇస్తాడు. షాపతనికి పెద్ద గోడౌను నుంచి అడ్వాన్సు వస్తుంది. అక్కడి నుంచి మిల్లుకు సరుకు తోలాక మాత్రం డబ్బు చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు. కింద అంతా రొక్కం, పైన అంతా అరువు. ఈ రెండింటి మధ్య నిలబడి భారం మోసేవాణ్ణి దళారీ అని తేలిగ్గా తీసిపారేస్తుంటారు. నిజానికి అతని వ్యాపారంలో సగం తుక్కు అయితే మిగతా సగం వడ్డీ లెక్కే. అడ్వాన్సు తీసుకున్నవాడు ఇంకొకడికి అమ్ముకోలేడు కాబట్టి, కింది వాళ్ల బేరమాడే శక్తి పోయేదీ అక్కడే.

మార్జిన్ ఎంత పలచగా ఉంటుందో చిన్న లెక్కతో చూద్దాం. 10 టన్నుల అట్టలు మిల్లుకు వెళ్లాయి, కిలో 12 రూపాయలు, అందులో వ్యాపారికి మిగిలేది రూపాయి అనుకుందాం. అంటే లోడుకి 10 వేలు. మిల్లు గేటు దగ్గర తేమ ఎక్కువుందని 5 శాతం తరుగు తీస్తే అర టన్ను పోయింది, అంటే 6 వేలు. సగానికి పైగా లాభం తడిలో కొట్టుకుపోయినట్టే. వానాకాలంలో ఈ గొడవ లేని మిల్లు ఉండదు. తూకం కోసం అట్టల మీద నీళ్లు కొట్టే వ్యాపారులూ ఉన్నారు, వాళ్లను చూసి అందరికీ ఒకే రేటున తరుగు తీసే మిల్లులూ ఉన్నాయి. ఇద్దరి మధ్యా నలిగేది పొడి సరుకు తెచ్చినవాడు.

వేరు చేయడమే అసలు పని

ఈ వ్యాపారంలో విలువ కరిగించే కొలిమిలో పుట్టదు, దానికి ముందు నేల మీద కూర్చుని వేరుచేసే చోట పుడుతుంది. నీళ్ల బాటిల్‌నే తీసుకుంటే, బాటిల్ పెట్ ప్లాస్టిక్, మూత వేరే ప్లాస్టిక్, లేబుల్ ఇంకో రకం. ముక్కలు చేసి నీళ్ల తొట్టిలో వేస్తే మూత ముక్కలు తేలిపోతాయి, పెట్ మునుగుతుంది. ఇక్కడిదాకా పని సులువే. కానీ కొన్ని లేబుళ్లలో వాడే పీవీసీ అనే ప్లాస్టిక్ కూడా పెట్‌తో పాటే మునుగుతుంది. ఆ కాస్త పీవీసీ కొలిమిలోకి పోయిందంటే పెట్ మొత్తం పసుపెక్కి, నల్లచుక్కలు తేలి, నాణ్యత పడిపోతుంది. అందుకే ముక్కలు చేయకముందే లేబుల్ చేత్తో ఊడదీయాలి. తెల్ల బాటిల్, ఆకుపచ్చ బాటిల్, రంగు బాటిల్ వేటికవి పక్కన పెట్టాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లు చేస్తారు. ప్లాస్టిక్ ముక్కను విరిచినప్పుడు వచ్చే చప్పుడుని బట్టి, అంటిస్తే వచ్చే వాసనని బట్టి ఏ రకమో చెప్పేస్తారు. ఆ వాసన రోజూ పీల్చడం ఒంటికి ఏం చేస్తుందో కూలి లెక్కలోకి రాదు.

ఇలా శుభ్రం చేసిన పెట్ ముక్కలు దారమై పాలిస్టర్ బట్టల్లోకి, దిండ్లలో కూరే దూదిలోకి చేరుతుంటాయి. ఇప్పుడు కొత్త గిరాకీ కూడా పుట్టింది. ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలకు 2022లో చేసిన సవరణ ప్రకారం గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీలు 2025-26 నుంచి అందులో 30 శాతం రీసైకిల్ సరుకు కలపాలి, 2028-29 కల్లా అది 60 శాతానికి చేరాలి. నిబంధన అమలైతే బాటిల్ ధర పెరుగుతుంది, ధర పెరిగితే రోడ్డు మీద బాటిల్ కనిపించదు. ఉపన్యాసాలకన్నా ఇది బాగా పనిచేస్తుంది.

లోహాల్లో వేరుచేసే విద్య ఇంకా పాతది. అంతర్జాతీయ తుక్కు వ్యాపారంలో ఒక్కో రకానికి ఒక్కో ముద్దుపేరు ఉంది. మొదటి రకం మెరిసే రాగి తీగ ‘బార్లీ’, పసుపు ఇత్తడి ‘హనీ’, ముక్కలు చేసిన ఇనుమేతర లోహాల మిశ్రమం ‘జోర్బా’. వెనకటి టెలిగ్రాం రోజుల్లా ఒక్క మాటలో సరుకు ఏమిటో తెలియాలన్నదే ఉద్దేశం. ఆ పేర్లతోనే లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ ధరల ఆధారంగా బేరాలు నడుస్తాయి. మన వీధి చివరి షాపులో రాగి రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటోందంటే కారణం అదే. ఇనుము రేటు మాత్రం చుట్టుపక్కల కొలిమిలు ఎంత కొంటున్నాయన్న దాన్ని బట్టి తేలుతుంది.

జీడిమెట్ల, కొత్తూరు, హిందూపురం లాంటి పారిశ్రామికవాడల్లో తుక్కును కరిగించి కడ్డీలు చేసే యూనిట్లలో ఎక్కువ భాగం కరెంటుతో కరిగించే ఇండక్షన్ కొలిమిలతో నడుస్తాయి. ఈ కొలిమి కరిగిస్తుందే తప్ప శుద్ధి చేయడం దానికి పెద్దగా చేతకాదు. తుక్కులో ఉన్న భాస్వరం, గంధకం చాలావరకు కడ్డీలోకే వచ్చేస్తాయి. రాగితో ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇనుములో కలిసిన రాగిని వేరు చేయడం ఏ కొలిమికైనా దాదాపు అసాధ్యం. మోతాదు మించితే వేడి మీద కడ్డీని సాగదీసేటప్పుడు పగుళ్లు వస్తాయి. ఫ్యాను మోటార్లోంచి రాగి తీగను చివరి పోగు దాకా లాగేయడం షాపతనికి లాభం. అదే పని, ఎక్కడో కట్టబోయే ఇంటి స్లాబులోని కడ్డీకి కూడా రక్ష. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

ఇనుము విషయంలో దేశానికి కలిసొచ్చేది కూడా చిన్నదేం కాదు. 2019లో కేంద్ర ఉక్కు శాఖ తెచ్చిన తుక్కు రీసైక్లింగ్ విధానంలో చెప్పిన లెక్క ప్రకారం ఒక టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, ఉక్కు తయారీలో వాడే కోకింగ్ బొగ్గు 630 కిలోలు, 55 కిలోల సున్నపురాయి మిగులుతాయి. కోకింగ్ బొగ్గును మనం ఎక్కువగా బయటి దేశాల నుంచే తెచ్చుకుంటాం కాబట్టి ఆ 630 కిలోలు డాలర్ల రూపంలో కూడా మిగులే. ఇంతా చేసి మన ఇళ్లల్లోంచీ ఊళ్లల్లోంచీ వచ్చే తుక్కు కొలిమిలకు సరిపోదు. బయటి నుంచి లక్షల టన్నులు దిగుమతి అవుతోంది. 2021 బడ్జెట్‌లో ఉక్కు తుక్కు మీద దిగుమతి సుంకం ఎత్తేసింది కూడా అందుకే.

కాగితం కూడా అలాంటిదే. ఎక్కడో కంటైనర్లు దొరక్కపోతే ఇక్కడ పాత న్యూస్‌పేపర్ రేటు ఎగబాకుతుంది, 2021లో జరిగిందదే. చైనా 2018 జనవరి నుంచి బయటి చెత్తకు తలుపులు మూసేసినప్పుడు ప్రపంచమంతా తుక్కు దారులు మారిపోయాయి. కోవిడ్ మొదట్లో ముడిచమురు ధర కుప్పకూలితే, రీసైకిల్ ప్లాస్టిక్ కన్నా కొత్త ప్లాస్టిక్కే చవకైంది. అలాంటి రోజుల్లో ఏరేవాళ్లు బాటిల్‌ని చూసి కూడా వదిలేస్తారు. వాళ్లకు పర్యావరణ స్పృహ తగ్గిందని దానర్థం కాదు, మోసుకెళ్లిన బరువుకు కూలి కూడా రాదని అర్థం.

ఎవరూ కొననివి

చిప్స్ ప్యాకెట్ లోపల వెండిలా మెరిసే పొర ఉంటుంది. ప్లాస్టిక్ పొరలు, సన్నటి అల్యూమినియం పూత అతుక్కుపోయి ఉన్న ఆ కవర్ను విడదీయడం గిట్టదు. షాంపూ సాషే, గుట్కా ప్యాకెట్, పలచటి క్యారీ బ్యాగు, థర్మోకోల్ కూడా అంతే. కిలో కావాలంటే కొన్ని వందల ప్యాకెట్లు ఏరాలి, ఏరాక కొనేవాడు లేడు. వీధిలో, కాలువలో, ఆవు కడుపులో కనిపించే ప్లాస్టిక్ ఏమిటో గమనిస్తే ఈ జాబితాయే. పెట్ బాటిల్, బకెట్టు, విరిగిన కుర్చీ అక్కడ కనిపించడం తక్కువ. ఒకే ఊరు, అవే జనం, అదే మున్సిపాలిటీ. తేడా ఉన్నది రేటులోనే.

గాజు ఇంకో రకం చిక్కు. బరువెక్కువ, ధర తక్కువ, పగిలితే చేతులు కోసుకుంటాయి. బీరు సీసా మాత్రం పగలకపోతే కంపెనీకి తిరిగి వెళ్లి, కడిగించుకుని మళ్లీ బయటికొస్తుంది కాబట్టి దానికి విలువ ఉంది. సీసాను కరిగించడం కన్నా కడిగి వాడటం ఎప్పుడూ మేలు. రీసైక్లింగ్ గురించి మాట్లాడేవాళ్లు ఈ పాత పద్ధతిని మర్చిపోవడం విచిత్రమే.

కొనేవాడు లేని చెత్తకు ప్రభుత్వాలు చూపించిన దారి కాల్చి కరెంటు తీయడం. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో, విశాఖ కాపులుప్పాడలో, గుంటూరు దగ్గర అలాంటి ప్లాంట్లు నడుస్తున్నాయి. డంపింగ్ యార్డు కొండలా పెరిగిపోతున్నప్పుడు ఇది కావాలనే అనిపిస్తుంది. కాకపోతే తడి చెత్త సరిగా మండదు. బాయిలర్‌కు కావాల్సింది కాగితం, అట్ట, ప్లాస్టిక్. ధర ఉన్న సరుకు ముందే వేరుపడితే మిగిలిన చిప్స్ ప్యాకెట్లను అలా కాల్చుకోవచ్చు, సిమెంటు కొలిమిలకు పంపొచ్చు. వేరు చేయకుండా మొత్తం తోలేస్తే మాత్రం తుక్కు షాపుకి వెళ్లాల్సిన సరుకు బూడిదవుతుంది. ప్లాంటుకు రోజుకు ఇన్ని టన్నులు ఇస్తామని ఒప్పందం రాసుకున్న మున్సిపాలిటీకి వేరుచేసే పని మీద శ్రద్ధ ఎంతుంటుందన్నది అడగాల్సిన ప్రశ్న.

పుస్తకంలో రాయని ఖర్చు

పలచటి మార్జిన్‌తో ఇంత పెద్ద వ్యాపారం ఎలా నిలబడుతోందంటే, అసలు ఖర్చులో కొంత భాగం ఎవరి పుస్తకంలోనూ రాయకపోవడం వల్ల. సన్నటి కరెంటు వైర్లలోంచి రాగి తీయడానికి తొక్క ఒలిచే మిషన్లు ఉన్నాయి. సన్న వైర్లతో ఆ పని ఆలస్యం. కాలిస్తే నిమిషాల్లో రాగి చేతికొస్తుంది. ఆ పీవీసీ పొగలో డయాక్సిన్లు అనే విష పదార్థాలు ఉంటాయి. వాటి ఖరీదు చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు చెల్లిస్తారు.

సీసంతో వ్యవహారం మరీ దారుణం. ఇన్వర్టర్ బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతది ఇస్తే బిల్లులో తగ్గిస్తారు కాబట్టి దాన్ని ఎవరూ చెత్తలో పారేయరు. సేకరణ పరంగా చూస్తే ఇంతకన్నా బాగా నడిచే ఏర్పాటు ఇంకోటి లేదు. తేడా వచ్చేది ఆ తర్వాతే. సరైన ప్లాంటులో యాసిడ్‌ను శుద్ధి చేస్తారు, పొగకు ఫిల్టర్లు ఉంటాయి. ఊరి బయట పెరట్లో కరిగించేవాడు బ్యాటరీని గొడ్డలితో పగలగొట్టి యాసిడ్‌ను కాలువలోకి వదిలేస్తాడు. ఆ ఖర్చు లేదు కాబట్టి పాత బ్యాటరీకి కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వగలడు. సరుకు అటే పోతుంది. పిల్లల రక్తంలో సీసం మీద యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి 2020లో ఇచ్చిన నివేదిక అంచనా ప్రకారం చర్య తీసుకోవాల్సినంత సీసం ఉన్న పిల్లలు మన దేశంలో 27 కోట్లకు పైనే. దీనికి బ్యాటరీలొక్కటే కారణం కాదు, పాత పెయింట్లు, కల్తీ పసుపు లాంటివి కూడా ఉన్నాయి. అయినా ఇలాంటి కొలిమిలు ముఖ్య కారణాల్లో ఒకటి.

ఢిల్లీ మాయాపురిలో 2010లో జరిగింది తుక్కు వ్యాపారులు ఇంకా చెప్పుకుంటారు. ఒక యూనివర్సిటీ ల్యాబులో ఏళ్లుగా వాడకుండా పడున్న గామా కిరణాల యంత్రాన్ని వేలంలో అమ్మేశారు. కొన్నవాళ్లకు అది బరువున్న లోహం. సీసపు కవచం విప్పేసరికి లోపలున్న కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడింది. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. ఇక్కడ చదువుకున్నవాళ్లు చేసిన తప్పుకి చదువులేనివాళ్లు ప్రాణం పెట్టారు.

మన దగ్గర 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడలోని ఒక తుక్కు గోడౌనులో మంటలు లేచాయి. కింద కాగితాలు, బాటిళ్లు, కేబుళ్లు. పైన పనివాళ్లు నిద్రపోతున్నారు. దిగడానికి ఉన్నది ఒక్క ఇరుకు మెట్లదారి. బిహార్ నుంచి వచ్చిన 11 మంది కూలీలు చనిపోయారు. మండే సరుకున్న చోటే మనుషులు పడుకోవడం ఈ వ్యాపారంలో అరుదేమీ కాదు. రాత్రి కాపలా మనిషి ఖర్చు, కూలీకి గది అద్దె రెండూ మిగులుతాయి కదా.

ప్రభుత్వం లెక్కలోకి తేవాలని చూస్తే

అందుకే ఈ రంగాన్ని పద్ధతిలోకి తేవాలంటారు. మాట మంచిదే. తెచ్చే దారిలోనే చిక్కులున్నాయి.

మొదటిది జీఎస్టీ. లోహపు తుక్కు మీద పన్ను 18 శాతం. ఇంటావిడ పాత గిన్నెలు అమ్మినప్పుడు బిల్లు ఇవ్వదు. తోపుడు బండి మనిషీ ఇవ్వడు. సరుకు ఎక్కడో ఒకచోట మొదటిసారి పుస్తకంలోకి ఎక్కాలి, ఎక్కించినవాడి మీద 18 శాతం పడుతుంది. లాభం రెండు మూడు శాతం ఉన్న వ్యాపారంలో 18 శాతం పన్ను తప్పించుకోగలిగితే, సరుకు అమ్మడం కన్నా అదే పెద్ద వ్యాపారమవుతుంది. తుక్కు పేరుతో సరుకు లేకుండా బిల్లులు మాత్రమే అమ్మే దొంగ కంపెనీలు పుట్టుకొచ్చింది ఈ సందులోనే. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర లోహపు తుక్కు కొంటే కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే పన్ను కట్టాలని, రిజిస్టర్డ్ వ్యాపారుల మధ్య అమ్మకాలపై 2 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) తీయాలని మార్చారు. చిన్నవాణ్ణి వదిలి పెద్దవాణ్ణి పట్టుకోవడం సరైన దిశే. అయితే పన్ను రేటే ఇంత ఉన్నంతకాలం కొత్త సందులు వెతికేవాళ్లకు కొదవుండదు. ఒకసారి పన్ను కట్టిన గిన్నె పాతబడి మళ్లీ పన్ను కట్టాల్సి రావడం కూడా వింతే.

రెండోది తయారీదారు బాధ్యత, అంటే ఈపీఆర్. టీవీ తయారుచేసిన కంపెనీయే పాత టీవీల రీసైక్లింగ్‌కి డబ్బు పెట్టాలి. 2022 ఈ-వేస్ట్, అంటే ఎలక్ట్రానిక్ చెత్త, నిబంధనల ప్రకారం (2023 ఏప్రిల్ 1 నుంచి అమలు) రిజిస్టర్డ్ రీసైక్లర్ ఇచ్చే సర్టిఫికెట్లు కొని కంపెనీలు తమ కోటా చూపించాలి. కొనేవాడు లేని సరుకుకు ధర పుట్టించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. కానీ సర్టిఫికెట్ కాగితం, తుక్కు వస్తువు. కాగితం చేయడం సులువు. ప్లాస్టిక్‌లో 2023లోనే నాలుగు రీసైక్లింగ్ కంపెనీలు 6 లక్షలకు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించినట్టు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పట్టుకుంది. ఈ-వేస్ట్‌లో సర్టిఫికెట్లు మరీ చవగ్గా అమ్ముడుపోతున్నాయని ప్రభుత్వం కనీస ధర పెడితే పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలు కోర్టుకెక్కాయి. ఇంత గొడవలోనూ అందరూ దాటేసే సంగతి ఒకటుంది. సర్టిఫికెట్ డబ్బు రీసైక్లర్ దగ్గర ఆగిపోతుంది. చిప్స్ ప్యాకెట్ ఏరే మనిషి దాకా రాదు. ఏరేవాడికి రాకపోతే ఆ ప్యాకెట్ కాలువలోనే ఉంటుంది.

ప్రపంచం మొత్తమ్మీద 2022లో పోగైన ఈ-వేస్ట్ 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతి ప్రకారం రీసైకిల్ అయినట్టు రికార్డున్నది 22.3 శాతమే. మిగతాదంతా మాయమైపోయిందని కాదు, లెక్కలోకి రాని చేతుల్లోకి వెళ్లింది. సర్క్యూట్ బోర్డుల్లోంచి బంగారం, రాగి, పల్లాడియం శుభ్రంగా తీసే పద్ధతుల మీద హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్ పనిచేస్తోంది. టెక్నాలజీ ఉంది. బోర్డులు యాసిడ్ బకెట్టు దగ్గరికి కాకుండా అక్కడికి రావాలంటే రేటు దగ్గరే గెలవాలి.

వాహనాల తుక్కు విధానం (2021) కూడా ఈ పరీక్షే ఎదుర్కొంటోంది. రిజిస్టర్డ్ కేంద్రానికి పాత కారు అప్పగిస్తే సర్టిఫికెట్ ఇస్తారు, కొత్త కారు కొనేటప్పుడు రోడ్డు పన్నులో కొంత తగ్గుతుంది. కానీ ఆ తుక్కు కేంద్రం లెక్క కట్టేది ప్రధానంగా ఇనుము బరువుకి. ఆటోనగర్ మెకానిక్ చూసేది గేర్‌బాక్సు, డోర్లు, లైట్లు, సీట్లు. ఒక్కో భాగం బతికి ఇంకో బండికి ఎక్కితే దాని విలువ తుక్కు ధరకు ఎన్నో రెట్లు. పర్యావరణం వైపు నుంచి చూసినా గేర్‌బాక్సును కరిగించడం కన్నా వాడుకోవడమే మేలు. ఆటోనగర్‌ను మూసేయడం కన్నా ఛాసిస్ నంబరు రద్దు, ఆయిల్ పారబోయకుండా చూడటం లాంటి నాలుగైదు కచ్చితమైన షరతులతో దాన్నే రిజిస్టర్డ్ కేంద్రంగా గుర్తించడం తెలివైన పని. దొంగ బళ్ల భయం అసలే లేదనలేం, అందుకే షరతులు.

బాగా నడుస్తున్నవాటిని చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ తడి, పొడి చెత్తకు రెండేసి చొప్పున 44 లక్షల డబ్బాలు పంచారు. చాలా ఇళ్లల్లో ఆ డబ్బాలు బియ్యానికీ నీళ్లకీ వాడుకున్నారని అప్పట్లో జోకులు నడిచాయి. అయినా స్వచ్ఛ ఆటోలో వెనక నిలబడి బాటిళ్లు, అట్టలు ఏరి సంచుల్లో కట్టే కుటుంబాలు నగరం తరఫున వేరుచేసే పని ఇప్పటికీ చేస్తున్నాయి. ఆ పొడి సరుకు అమ్మకం వాళ్ల రాబడిలో భాగం కాబట్టి. పుణెలో చెత్త ఏరేవాళ్లు యూనియన్‌గా కూడి, ‘స్వచ్ఛ్’ సహకార సంఘం పెట్టుకుని, మున్సిపాలిటీతో ఒప్పందం చేసుకున్నారు. ఇంటింటి నుంచి సేకరణ రుసుమూ వాళ్లకే, సరుకు మీద హక్కూ వాళ్లకే. గుర్తింపు కార్డు ఉన్న మనిషిని కాలనీ వాచ్‌మన్ దొంగలా చూడడు, అది చిన్న విషయమేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మొదలైన ‘స్వచ్ఛ రథం’ పల్లెల్లో పొడి చెత్త తీసుకుని బదులుగా సరుకులిస్తోంది. ఉల్లిపాయల బండివాడు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే ఇది. తేడా ఏమిటంటే, బండివాడు తీసుకోని ప్లాస్టిక్ కవర్లను రథం తీసుకుంటే దానికి అర్థముంటుంది. ఇనుమూ అట్టలే తీసుకుంటే బండివాడి బేరానికి పోటీ తప్ప ఒరిగేదేమీ లేదు.

ఇదే లెక్కను ముందున్న సరుకుకూ వేసి చూడొచ్చు. అప్పటి కర్నూలు జిల్లాలో 2017లో మొదలైన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులోను, అనంతపురం వైపు పార్కుల్లోను ఉన్న లక్షల పలకలకు ఆయుష్షు దాదాపు 25 ఏళ్లు. గాలివానకు పగిలినవి, పనితనం తగ్గినవి ఇంకా ముందే బయటికొస్తాయి. పలక బరువులో దాదాపు ముప్పావు వంతు గాజు. చుట్టూ అల్యూమినియం ఫ్రేము, వెనక కాస్త రాగి తీగ, లోపల సిలికాన్, పిసరంత వెండి, వీటన్నిటినీ అతికించిన ప్లాస్టిక్ పొరలు. ఫ్రేమునూ కేబులునూ తీసుకెళ్లడానికి ఏ తుక్కు వ్యాపారైనా పరుగెత్తుకొస్తాడు. 2022 ఈ-వేస్ట్ నిబంధనలు సోలార్ పలకల వ్యర్థాలను 2034-35 దాకా తయారీదారులే భద్రంగా నిల్వ ఉంచాలని చెప్పాయి. ఆ తర్వాత ఫ్రేము ఊడదీసిన గాజు పలకకు కిలోకు ఎంతిస్తారో, ఎవరిస్తారో ఇప్పటికి ఎక్కడా రాసిలేదు.